ఒక ముద్ద, రెండు గొంతులు

రత్నం నవ్వుతోందా, బాధపడుతోందా అన్నది తొమ్మిదేళ్లుగా సత్యవేణికి తేలని సందేహం.

రత్నం అసలు పేరు నూకరత్నం. పదిహేడేళ్ల పిల్ల. పుట్టినప్పుడు మెదడుకు గాలి అందక కాళ్లూ, చేతులూ, మాటా ఏవీ ఆమె స్వాధీనంలో లేకుండా పోయాయి. సామర్లకోటలో, పెద్దాపురం వెళ్లే దారిలో ఒక పాత ధాన్యం గోదామును బాగుచేసి పెట్టిన ‘చేయూత’ కేంద్రంలో ఉంటోంది. అలాంటి పిల్లలు అక్కడ ఇరవై ఇద్దరు. ప్రతి శనివారం సత్యవేణి పూజ ముగించుకుని, స్వామికి నైవేద్యం పెట్టిన చక్కెర పొంగలి స్టీలు డబ్బాలో సర్దుకుని ఆటో ఎక్కుతుంది. మధ్యాహ్నం రత్నానికి అన్నం తినిపించడం ఆమె పని. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. ఒకరోజు చూడ్డానికి వచ్చింది, చెంచా చేతిలో పెట్టారు, అంతే.

మొదట ప్రసాదం, ఆ తర్వాతే అన్నం. ఒక్కో చెంచాకు ఒక్కో గోవింద నామం మెల్లగా చదువుతూ పెట్టేది. పొంగలి నోట్లో పడగానే రత్నం తల వెనక్కి వాలిపోయేది. నోరు పెద్దగా తెరుచుకుని గొంతులోంచి ‘గ్ హా’ అని ఒక శబ్దం వచ్చేది. కళ్లలో నీళ్లు తిరిగేవి.

“మీ పొంగలంటే ఎంతిష్టమోనండి, ఎలా నవ్వుతుందో చూడండి,” అనేవారు చుట్టూ ఉన్నవాళ్లు.

సత్యవేణీ అవుననుకునేది. కానీ ఇంటికి వెళ్లేటప్పుడు ఆటోలో ఆ శబ్దం మళ్లీ చెవిలో పడేది. నవ్వేనా అది? ఒకసారి పూజ గదిలో స్వామినే అడిగింది. ఆయన ఎప్పటిలాగే ఏమీ అనలేదు.

ఆ ఏడాది రత్నానికి మూడుసార్లు న్యుమోనియా వచ్చింది. మూడోసారి ఆసుపత్రి నుంచి తెచ్చినప్పుడు పిల్ల దుప్పటిలో సగమైంది. డాక్టరుగారు కేంద్రానికి వచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. తిన్నది తోవ తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతోంది. రెండు నెలలు చూద్దాం. ఇలాగే ఉంటే పొట్టకు చిన్న రంధ్రం చేసి గొట్టం పెడదాం. ఆ తర్వాత నోటితో ఏమీ పెట్టకూడదు.

“ఏమీ అంటే...” అంది సత్యవేణి.

“ఏమీ అంటే ఏదీ వద్దమ్మా. ప్రసాదం కూడా.”

ఆయన మంచి మనిషి. ఆ మాట కష్టంగానే అన్నారు.

హిమబిందు అనే అమ్మాయి అప్పటికే కేంద్రంలో పనిచేస్తోంది. కాకినాడ కాలేజీలో పరిశోధన చేసి, ఇక్కడ ధాన్యం తూచే పాత కాటా గదిని ప్రయోగశాలగా మార్చుకుంది. ముప్పై నిండని పిల్ల, తలలో ఎప్పుడూ ఒక పెన్సిలు. డాక్టరుగారు వెళ్లిన మర్నాడే సత్యవేణిని పిలిపించి, మెత్తటి రబ్బరు పట్టీ ఒకటి ఆమె మెడకు కట్టింది. అలాంటిదే ఇంకొకటి తన మెడకు కట్టుకుంది.

“కళ్లు మూసుకోండి ఆంటీ.”

సత్యవేణి కళ్లు మూసుకుంది. ఏదో చల్లగా నాలుక మొదట్లోంచి గొంతులోకి జారింది. తనకు తెలియకుండానే గుటక పడింది. కళ్లు తెరిచేసరికి హిమబిందు చేతిలో నిమ్మరసం గ్లాసు సగం ఖాళీగా ఉంది.

“నేను తాగలేదే!”

“మీరు తాగలేదు. నేను తాగాను. నా గొంతులో నరాలు ఏం చెబుతున్నాయో నా పట్టీ వింటుంది. విన్నది మీ పట్టీ మీ గొంతుకి చెబుతుంది. రుచి రాదు ఆంటీ. మంట, చల్లదనం, బిగుతు, ఇవి వస్తాయి.”

“అయితే రత్నం గొంతులో ఏమవుతుందో...”

“మీకు తెలుస్తుంది. ఎప్పుడు మింగగలదో తెలిస్తే అప్పుడే పెట్టొచ్చు. తోవ తప్పదు.”

సత్యవేణి ఆ పట్టీని వేళ్లతో తడిమి చూసుకుంది. స్వామి ఇన్నాళ్లకు జవాబు ఈ పెన్సిలు పిల్ల చేత పంపాడనుకుంది.

శనివారం వచ్చింది. రత్నాన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయా మరియమ్మ ఎప్పటిలాగే పిల్ల కాళ్లు కొట్టుకోకుండా రెండు పాదాలూ కలిపి మెత్తటి తువ్వాలుతో చుట్టింది. హిమబిందు ఇద్దరికీ పట్టీలు కట్టి పక్కన నిలబడింది. డాక్టరు మాట గుర్తున్నా, ఒక్క చెంచా, అరచెంచా అని ఆ అమ్మాయిని బతిమాలుకుని సత్యవేణి పొంగలి డబ్బా తెరిచింది.

“గోవిందా,” అని చెంచా పెట్టింది.

ముందు పచ్చకర్పూరం అంటుకుంది. తాను ప్రేమగా చిటికెడు ఎక్కువే వేసే పచ్చకర్పూరం, గొంతులో నిప్పురవ్వలా. దాని వెనకే నెయ్యి జిగురు, కదలని మెతుకులు. గొంతు తలుపు మూసుకుపోయింది. లోపలికి పోదు, బయటికి రాదు. గాలి లేదు. ఒక్క క్షణం సత్యవేణి తానెక్కడున్నదీ మరిచిపోయింది. అప్పుడు ఆ శబ్దం వచ్చింది, ‘గ్ హా’ అని. ఈసారి రత్నం నోట్లోంచే కాదు, తన నోట్లోంచి కూడా.

చెంచా కింద పడింది. హిమబిందు రత్నాన్ని ముందుకు వంచి వీపు నిమిరింది. సత్యవేణి మెడ మీది పట్టీ లాగేసుకుని వరండాలోకి పోయింది. తొమ్మిదేళ్ల శనివారాలు. ఒక్కో చెంచాకూ ఒక్కో దేవుడి పేరు.

ఆ తర్వాతి రెండు శనివారాలూ ఆమె వెళ్లలేదు. పూజ చేసుకుంది కానీ పొంగలి వండలేదు. అరటిపండు పెట్టి దీపం ముందు చాలాసేపు కూర్చుంది. నైవేద్యం పెట్టేటప్పుడు చుట్టూ నీళ్లు తిప్పి, స్వామి తిన్నాడని మనమే అనుకుంటాం. ఆయన మాట్లాడడు గనక మనకు నచ్చిందే ఆయనకూ నచ్చిందంటాం. ఇంత కాలం ఇదేనా తాను చేసింది? ఇంట్లోనూ అదే, అక్కడా అదేనా?

మూడో శనివారం పొద్దున్నే మరియమ్మ ఫోను చేసింది.

“ఏంటండి సత్తెమ్మగారూ, అలిగారా?”

“ఎవరి మీద అలుగుతాను మరియమ్మా? నా మొహం చూపించలేకపోతున్నా దానికి.”

“బాగుందండి మీ వరస. మీరు రాపోతే ఇక్కడ పదకొండు కొట్టిందగ్గర్నుంచి గుమ్మం కేసే చూత్తందండి. మెడ తిప్పలేదు కదా, కళ్లు ఇరుక్కుపోతాయేమోనని నాకు బయ్యంగా ఉంది. పొంగలి లేకపోతే లేపోయింది, మనిషి రండి.”

సత్యవేణి ఉత్తి చేతులతో వెళ్లింది. గుమ్మంలో అడుగు పెట్టగానే రత్నం తల వెనక్కి వాలింది, నోరు తెరుచుకుంది, అదే శబ్దం వచ్చింది. సత్యవేణి అక్కడే ఆగిపోయింది.

“బిందూ, పట్టీ తీసుకురా అమ్మా,” అంది గుమ్మం దగ్గరే.

హిమబిందు ఇద్దరికీ పట్టీలు కట్టేసరికి రత్నం ఇంకా ఆ శబ్దం చేస్తూనే ఉంది. ఇప్పుడు నోట్లో ఏమీ లేదు, మంట లేదు, బిగుతు లేదు. గొంతంతా వదులుగా, వెచ్చగా, లోపలెక్కడో చక్కిలిగింత పెట్టినట్టు ఉంది. సత్యవేణికి ఆపుకోలేనంత నవ్వొచ్చింది.

శబ్దం ఒకటే, లోపల ఉన్నవే రెండు. పొంగలికి వచ్చేది ఒకటి, తనకు వచ్చేది ఇంకొకటి.

“మరి ఇన్నేళ్లూ నోరెందుకు తెరిచావే పిచ్చితల్లీ?” అని రత్నం బుగ్గలు పట్టుకుని అడిగింది. “అంత మంట పెడుతుంటే?”

“మీరు తెచ్చారనండి,” అంది మరియమ్మ, దుప్పట్లు మడతపెడుతూ. “మా ఆయన చేసిన చేపల పులుసు నేను తినట్లేదేంటండి?”

ఆ రోజు నుంచి సాధన మొదలైంది. శనివారమొక్కటే కాదు, సత్యవేణి రోజూ వెళ్లింది. వడకట్టిన మెత్తటి అన్నం, చిక్కటి పెరుగు, ఉడికించి చిదిమిన దుంపలు. గొంతు బిగిసి ఉన్నంతసేపూ చెంచా పట్టుకుని ఆగేది. ఎక్కడో గడియ తీసినట్టు బిగుతు సడలేది. ఆ క్షణంలో పెడితే ముద్ద నేరుగా దిగిపోయేది. గోవింద నామాల లెక్క దీనికి కుదరలేదు. ఒక్కోసారి మూడు నామాలకే సడలేది, ఒక్కోసారి పదకొండు చదివినా బిగుతే. లెక్క తనది కాదనీ రత్నానిదనీ అర్థమై నామాలు మనసులోనే ఉంచుకుంది. పులుపు తగిలితే గడియ తొందరగా తెరుచుకుంటోందని నాలుగో రోజు కనిపెట్టింది. అప్పటినుంచి పెరుగులో చింతకాయ గుజ్జు చుక్క కలిపేది.

మూడు వారాల్లో రత్నం బుగ్గలకు రంగొచ్చింది. దగ్గు తగ్గింది. హిమబిందు పుస్తకం నిండా గీతలు గీసుకుంటూ తలలో రెండో పెన్సిలు కూడా పెట్టుకుంది.

నాలుగో వారం సత్యవేణికి ఇంట్లో మంచినీళ్లు కొరబోయాయి.

మొదట ఎవరో తలుచుకున్నారులే అనుకుంది. మర్నాడు కాఫీ, ఆ మర్నాడు చారన్నం. పొద్దున్నే విష్ణు సహస్రనామం చదువుతుంటే గొంతు మధ్యలో మూసుకుపోయి, ఒక నామం సగంలో ఆగిపోయింది. మళ్లీ అందుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆమె భర్త సుబ్బారాయుడికి వీధి గదిలోనే ఫ్యాన్లు బాగుచేసే దుకాణం ఉంది. భార్య ఉక్కిరిబిక్కిరవుతుంటే రాగి తీగ చుట్ట చేత్తో పట్టుకునే లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

“ఏంటే ఇది! గొంతు ఎరువిచ్చొచ్చావా ఏంటి ఆ పిల్లకి?”

“ఏమీ లేదండీ. పొలమారింది.”

“రోజూ పొలమారుద్దా? ఒక మోటారు మీదుండాల్సిన లోడంతా ఇంకో మోటారు మీద పెడితే ఏమవుద్ది? వైండింగు కాలిపోద్ది. ఆ బిందుకి చెప్పు, నేను చెప్పాననే చెప్పు.”

హిమబిందుకు చెప్పాక ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. సత్యవేణి గొంతును అరగంట పరీక్షించి, పెన్సిళ్లు రెండూ తీసి బల్ల మీద పెట్టింది.

“ఆపేద్దాం ఆంటీ. మీ నరాలు రత్నం పద్ధతి నేర్చేసుకుంటున్నాయి. ఇప్పుడు ఆపితే పోతుందనుకుంటున్నా. ఇంకో నెల చేస్తే పోతుందో లేదో నాకు తెలీదు.”

“ఆపితే దానికి గొట్టం పెడతారు.”

“గొట్టం శిక్ష కాదు ఆంటీ. ఎంతోమంది పిల్లలు దాంతో హాయిగా ఉంటారు.”

“తెలుసమ్మా. అవసరమైతే పెట్టాల్సిందే. కానీ నేను అడ్డదిడ్డంగా పెట్టి ఇంత దూరం తెచ్చిన పాపానికి దాని నోరు మూసేయడం న్యాయమా? డాక్టరుగారు ఇచ్చిన గడువు ఇంకా పన్నెండు రోజులుంది.”

“మీకేమైనా అయితే?”

సత్యవేణి ఇంటికొచ్చి దీపం పెట్టి స్వామిని అడిగింది. అవతల పిల్ల, ఇవతల నా గొంతు, నీ నామం చదివే గొంతు. ఏది ఉంచమంటావు? స్వామి చిరునవ్వు మారలేదు.

ఆ సాయంత్రం భార్యాభర్తలిద్దరూ పీటల మీద కూర్చుని భోంచేస్తున్నారు. సత్యవేణి ముద్ద నోట్లో పెట్టుకుని, మింగడానికి భయపడుతూ కాసేపాగి, మింగింది. ఇంకో ముద్ద. సుబ్బారాయుడు తినడం ఆపి ఆమె వైపే చూస్తున్నాడు.

“ఆ కాలికి ఏమైంది?”

“ఏ కాలికి?”

“ఎడంకాలికే. బొటనవేలు అలా ముడుస్తావేంటి? ఇందాకట్నుంచి చూస్తున్నా. వేలు ముడుచుకుంటాది, ఎంటనే గుటకేస్తావు. వేలు, గుటక. వేలు, గుటక. స్విచ్చేస్తే ఫ్యాను తిరిగినట్టు.”

సత్యవేణి కాలు చూసుకుంది. ముద్ద పెట్టుకుని ఆగింది. తాను ఏమీ చేయకుండానే ఎడంకాలి బొటనవేలు లోపలికి ముడుచుకుంది. అర క్షణం తర్వాత గొంతు తెరుచుకుంది.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఎన్నడూ చూడని అలవాటు అది. తనది కాదు, పట్టీ దారిన గొంతుతో పాటు వచ్చిందే.

“ఏవండీ, ఇది రత్నానిది!” అని ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది. “దాని కాళ్లు మనం కట్టేస్తాం! తువ్వాలుతో!”

“అన్నం తిని చెప్పవే తల్లీ,” అన్నాడాయన.

మర్నాడు ఆమె గుమ్మంలోంచే “మరియమ్మా, కాళ్లు చుట్టకు” అని కేక వేసింది.

“చుట్టపోతే తంతాదండి. మొన్న నా గిన్నె ఎగిరి పడిపోయింది.”

“తన్నితే తన్నించుకుందాం.”

రత్నం పాదాలు బయటపెట్టారు. కాసేపు నిజంగానే కొట్టుకున్నాయి, సత్యవేణి చీరకు పెరుగు చిందింది. తర్వాత నెమ్మదించాయి. హిమబిందు నేల మీద బోర్లా పడుకున్నట్టే వంగి చూస్తోంది. సత్యవేణి పట్టీ కట్టుకోలేదు. చెంచా పట్టుకుని ఆ చిన్న పాదాల వైపే చూస్తూ ఆగింది.

ఎడంకాలి బొటనవేలు ముడుచుకుంది. చెంచా పెట్టింది. రత్నం మింగింది.

“ఇంకోసారి ఆంటీ,” అంది హిమబిందు.

వేలు. చెంచా. గుటక. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిపోయింది. పదోసారి మరియమ్మ తుమ్మింది, ఎవరూ చూడలేదు.

“రెండేళ్లు కష్టపడి పట్టీ కనిపెట్టాను,” అంది హిమబిందు నేల మీదే కూర్చుండిపోయి. “చూడాల్సింది కాలి వేలా?”

“నీ పట్టీ లేకపోతే నా కాలికి ఎలా తెలిసేది, మా ఆయన ఎలా చూసేవారు?” అని సత్యవేణి ఆమె తల నిమిరింది. “నువ్వు కనిపెట్టినదాని వల్లే తెలిసిందమ్మా. ఇక దాని అవసరం తీరింది, అంతే.”

గడువు రోజున డాక్టరుగారు వచ్చి ఛాతీకి స్టెతస్కోపు ఆనించి విన్నారు, ఎక్స్‌రే తీయించారు, కూర్చుని తినిపించడం చూశారు. ఆ రోజు తినిపించింది సత్యవేణి కాదు, కేంద్రానికి కొత్తగా వచ్చిన కాలేజీ పిల్ల ఒకతె. అరగంట ముందు నేర్పితే వచ్చేసింది. పట్టీ లేదు, ఏమీ లేదు, కాళ్ల వైపు చూడటమే. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని, ఆపరేషను మూడు నెలలు వాయిదా వేద్దామని, మళ్లీ జ్వరమొస్తే మాత్రం ఆలోచించాల్సిందేనని ఆయన చెప్పారు. సత్యవేణి ఆ మాటకూ తలూపింది. పట్టీ మానేశాక ఆమెకూ కొరబోవడం తగ్గుతోంది.

ఆయన వెళ్లాక మరియమ్మ చెంచాలు కడుగుతూ అంది. “ఒకటి అడుగుతానండి, ఏమీ అనుకోకండి. ఆ పట్టీ దాని మెడకి కట్టేటప్పుడు కట్టొచ్చా అని ఎవరన్నా అడిగామేంటండి?”

హిమబిందు తలెత్తింది.

“పట్టీ అనే కాదండి. పన్నెండేళ్లయింది నేనిక్కడ చేరి. పుట్టినరోజులని లడ్డూలు పట్టుకొత్తారు, తద్దినాలని గారెలు తెత్తారు. పెట్టి ఫొటో తీసుకుంటారు. నేనూ అన్నం వేళయ్యిందని పెట్టేత్తాను. తింటావా అని ఈళ్లని అడిగినోళ్లు లేరండి. దానికి నోరు లేదు కదాని. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట మనం బాకీ ఉన్నామండి.”

భోజనం దగ్గర సుబ్బారాయుడు పట్టుకున్న వేలి సంగతి అప్పుడు గుర్తొచ్చింది సత్యవేణికి. వేలు ముడిస్తే గొంతు తెరిచినట్టు. మరి ముడవకపోతే? ముడవకపోవడం కూడా ఒక మాటే. అడిగేవాళ్లుంటే.

ఆ శనివారం ఆమె ప్రసాదం తేలేదు. చింతకాయ గుజ్జు కలిపిన పెరుగు ఒక గిన్నెలో, చిదిమిన దుంప ఒక గిన్నెలో పెట్టుకుని రత్నం ఎదురుగా కూర్చుంది. రాగానే ఆ శబ్దంతో రత్నం పలకరించింది. అది ఏమిటో ఇప్పుడు తెలుసు కాబట్టి సత్యవేణీ నవ్వింది. చెంచా ఎత్తబోయి, మళ్లీ గిన్నెలో పెట్టేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

“రత్నం, ఒక మాట అడుగుతాను. తొందరేమీ లేదు. కావాలంటే వేలు ముడుచు, వద్దంటే ఊరుకో. ఇప్పుడు తింటావా తల్లీ?”

రత్నం ఆమె ముఖం వైపు చూసింది. చాలాసేపు చూసింది. సత్యవేణి పాదాల మీద నుంచి చూపు తిప్పలేదు. బొటనవేలు కదిలినట్టే అనిపించింది, కదల్లేదు. పక్క గదిలో ఎవరో గిన్నె దించారు. వరండాలో సైకిలు బెల్లు మోగింది. అయిదు వేళ్లూ హాయిగా, విడివిడిగా, వదులుగా ఉండిపోయాయి.

“వద్దా?”

వేళ్లు కదల్లేదు. రత్నం కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. తొమ్మిదేళ్లలో ఆమె సత్యవేణికి చెప్పిన మొదటి ‘వద్దు’ అది.

“సరే అయితే,” అని సత్యవేణి రెండు గిన్నెల మీదా మూతలు పెట్టింది. “కాసేపాగి మళ్లీ అడుగుతా.”

అటుగా వెళ్తున్న మరియమ్మ ఆగింది. “ఏంటండి, తినిపించట్లేదా? మరి ఏం చేత్తారు?”

“కూర్చుంటాను,” అంది సత్యవేణి.

కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని, ఉత్తి చేతులతో, రత్నం పక్కన కూర్చుంది.